బూట్లిప్పని మనిషి

ఈ పొద్దున అంగడి తెరిచి దేవుడి పటాలకు ఊదొత్తులు వెలిగించేలోపలే గుడ్డలంగడి మామా, ఆయన వెనక ఫ్యాన్సీ షాపాయనా వచ్చి నిలబడినారు. ఆగస్టు పదిహేను దగ్గరికొచ్చింది గదా, మా ఆత్మకూరు బజారు వాళ్ళమంతా కలిసి చేసే జెండా పండగ సంగతి మాట్లాడేదానికి. మామ కొత్త షూ వేసుకోని టకటకా మెట్టెక్కినాడు.

"ఈ తూరి మన హవల్దారు ఫోటో పెద్దది ఫ్రేం కట్టిచ్చి, దండేసి, రెండు నిమిషాలు మౌనం పాటిద్దామనుకుంటా ఉండామమ్మా. ఆయన్ని మనకు చూపిచ్చింది నువ్వే గదా. ఆయనొక్కడే ఉండే ఫోటో ఏదన్నా ఉంటే ఇయ్యి" అన్నాడు.

"మౌనమా?" అన్నాను.

"రెండే నిమిషాలు. ఆ తర్వాత లడ్లు పంచుతాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇన్నాళ్ళూ అందరం చేసింది అదే గదా మామా! నోళ్ళు మూసుకోనే గదా ఉండాం! ఇంకా రెండు నిమిషాలు దేనికి?" అని అరిచినాను. మందుల కోసం నిలబడుకోనున్న ముసలామె జడుసుకోని చీటీ కింద పడేసుకునింది. వాళ్ళిద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకోని, సాయంత్రం వస్తాంలే అని దిగిపోయినారు.

మాది బస్టాండు కాడ మందులంగడి. మా ఆయన సరుక్కోసం నెల్లూరు తిరగతా ఉంటాడు, గల్లా ముందర కూర్చునేది నేను. ఎవురికి బీపీ, ఎవురికి షుగరు, ఎవురికి బయట చెప్పుకోలేని జబ్బు, అన్నీ నాకు తెలుసు. గుడ్డలంగడి మామకు షుగరుండాదని బజార్లో నాకొక్కదానికే తెలుసు. తెలిసినా నోరు మెదపకుండా ఉండటం మా పనిలో గొప్ప గుణం అనుకునేదాన్ని. హవల్దారు పోయినాక ఆ గుణం పేరెత్తితే నాకు అసహ్యం పుడతా ఉండాది.

ఆయన పేరు చెప్పను. ఉదయగిరి దుర్గం కింద ఒక పల్లె ఆయనది. గొర్లు మేపుకునే ఇంట్లో పుట్టి, మిలిట్రీకి పొయ్యి, హవల్దారుగా పనిచేసి దిగొచ్చి, మళ్ళీ గొర్లలోకే పోయినాడు. అంతకు మించి ఆయన బతుకు నాకూ తెలీదు. నెలకొక తూరి ఉదయగిరి నుంచి నెల్లూరు పొయ్యే బస్సు మా బస్టాండులో పదిహేను నిమిషాలు ఆగినప్పుడు చూసిన మనిషి, అంతే.

ఆ పదిహేను నిమిషాలూ ఒకే మాదిరి జరిగేవి. బస్సు పూర్తిగా ఆగకముందే దిగేవాడు. మా మెట్టు కాడ బూట్లు రెండూ రెండేసి తూర్లు దులిపేవాడు. రోకళ్ళు పగిలే ఎండల్లో గూడా ఆ నల్ల బూట్లే, అద్దం మాదిరి పాలిష్. స్టూలు చూపిచ్చినా కూర్చునేవాడు గాదు, గోడకు ఆనుకునేవాడు గాదు. "రామ్ రామ్ అమ్మణ్ణీ" అని, ఎవరన్నా చూస్తా ఉండారా అని ఒక తూరి బస్టాండు తట్టు చూసుకోని, వెనక అట్టపెట్టెలు పెట్టే గదిలోకి పొయ్యేవాడు. ఆ గదిలో గోడ తట్టు తిరిగి ఇన్సులిన్ పొడుచుకునేవాడు. చొక్కా సర్దుకోని బయటికొచ్చి, "ఫైరింగ్ అయిపోయింది" అనేవాడు. నెల నెలా అదే మాట, అదే నవ్వు.

నేను ఒక తూరి అడిగినాను. "తుపాకి పట్టుకున్నోడివి గదన్నా, ఈ ఈత ముల్లంత సూదికి దాక్కుంటావేంది?"

"తుపాకి పట్టుకుంటే మనిషి పెద్దగా కనిపిస్తాడు అమ్మణ్ణీ. ఇది పట్టుకుంటే చిన్నగా కనిపిస్తాడు."

"ఎవురికి?"

"అందరికీ" అన్నాడు. "సర్వీసులో ఏడాదికి రెండు నెలలు లీవిస్తారు. ఈ పాడు రోగానికి ఒక్క దినం గూడా లీవు లేదు. లేస్తే ఇదే, తింటే ఇదే, పెళ్ళికి పోతే ఇదే, ఆఖరికి నవ్వితే గూడా ఇదే గుర్తొస్తాది" అన్నాడు. నేను ఏదో సర్దిచెప్పబోయేలోపల బస్సు హారన్ కొట్టింది.

ఆయన కాడ ఒక పుస్తకం ఉండేది. స్కేలు పెట్టి గీతలు గీసి, తేదీ, టైము, షుగరెంత, పక్కన సంతకం. నెల్లూరులో డాక్టరుకు చూపించేదానికి. ఒక తూరి డాక్టరు కాడ నుంచి తిరిగొస్తా దిగినప్పుడు చూస్తే నూట పన్నెండు, నూట ఎనిమిది, నూట పదైదు, మళ్ళా నూట పది. ఏ మనిషి షుగరు ఇట్టా వరసలో నిలబడతాదబ్బా అని నాకు అనుమానమొచ్చి, ఏలు పట్టుకోని గుచ్చి నా మిషన్లో చూసినాను. రెండొందల తొంభై చిల్లర.

"ఏందన్నా ఇది?"

"మీ మిషన్ తప్పు."

"మిషన్ కొత్తది. తప్పు నీ పుస్తకం."

మీసం కింద నవ్వు దాచుకోలేకపోయినాడు. అప్పుడు చెప్పినాడు. జనరల్ ఇన్‌స్పెక్షన్‌కు వస్తా ఉండాడంటే మిలిట్రీలో రోడ్డు పక్కన రాళ్ళకు గూడా సున్నం కొడతారంట. జనరల్ పోయినాక ఆ రాళ్ళని కన్నెత్తి చూసేవాడు ఉండడంట. ఈయనకు డాక్టరు కాడికి పోవడమంటే ఇన్‌స్పెక్షనే. నెలంతా సంగటి ముద్దలూ, పెళ్ళి భోజనాలూ, బెల్లం కాఫీలూ కానిచ్చి, డాక్టరు రేపనంగా మూడు దినాలు పస్తు. వట్టి మజ్జిగ నీళ్ళు. నెల పుస్తకమంతా ఆ మూడు దినాల్లో కూర్చోని రాసేది. ఆ డాక్టరు చూసి "వెరీగుడ్" అంటాడు. మూడు నెలల షుగరు తెలిసే టెస్టు రాస్తే, వచ్చే తూరి చేపిస్తా సార్ అని దాటేసేది. "వెరీగుడ్" అనే మాట కోసం వంద కిలోమీటర్లు బస్సులో పొయ్యే మనిషిని నేను ఈయన్నే చూసినాను.

"నువ్వు మోసం చేస్తా ఉండేది డాక్టర్ని గాదన్నా, నిన్ను" అన్నాను.

"ఛీ, మోసమెందుకు అమ్మణ్ణీ. టర్నౌట్ బాగుండాల, అంతే" అన్నాడు. టర్నౌటంటే మిలిట్రీలో మనిషి నీటుగా, లోపం లేకుండా కనపడటమంట. లోపల్లోపల కుళ్ళిపోతా ఉన్నా పైకి నీటుగా ఉంటే చాలన్నమాట. నాకప్పుడే గట్టిగా కోపమొచ్చుండాల్సింది. ముసలోడి చాదస్తమని నవ్వుకున్నాను.

ఆ పస్తుల్లో తిండి మానేసేవాడు గానీ ఇంజెక్షన్ మానేసేవాడు గాదు. డ్యూటీ డ్యూటీయే గదా ఆయనకు! ఒక ఎండాకాలం పొద్దున బస్టాండులో గుంపు గూడింది. ఏందా అని చూస్తే ఉదయగిరి బస్సు కండక్టరూ డ్రైవరూ కలిసి ఈయన్ని చెరొక రెట్టా పట్టుకోని దింపి బెంచీ మీద పడేస్తా ఉండారు. చెమటతో చొక్కా తడిసి ముద్దయింది. నాలిక మడతపడి ఏదేదో అంటా ఉండాడు.

"పొద్దున్నే బిగిచ్చినట్టుండాడు" అన్నాడు కండక్టరు.

"మిలిట్రీ క్యాంటీన్ సరుకు గదా, పవర్ ఎక్కువ" అని ఎవుడో నవ్వినాడు.

చుట్టూ ఉన్నోళ్ళంతా నవ్వినారు. బతుకులో ఒక్క చుక్క ముట్టని మనిషి! తన వాటా సీసాలు ఇప్పియ్యమని అడిగినోళ్ళకల్లా లేదని చెప్పి పల్లెలో సగం మందికి పగైన మనిషి! నేను గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలుపుకోని చెప్పులు గూడా లేకుండా పరిగెత్తినాను. తల ఎత్తి పట్టుకోని గుక్క గుక్కా తాపితే, పది నిమిషాలకు కళ్ళు తేటపడినాయి. "తాగలేదురా మీ మొగాలు మండా! షుగరు పడిపోయింది ఆయనకు!" అని నేను అనబోతా ఉంటే, గట్టిగా నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు అమ్మణ్ణీ. చెప్పొద్దు."

"ఏం వద్దు? తాగినావంటా ఉండారన్నా!"

"అననీ. తాగినోడు మొగోడే గదా. రోగిష్టోడు అంటే ఊరుకోలేను."

ఆ దినం ఆయన నెల్లూరు పోలేదు. మొదటి తూరి మా స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఇడ్లీలు తెప్పిస్తే తిన్నాడు. తిన్నాక ఆయనంతట ఆయనే మొదలుపెట్టినాడు.

"మంచు కొండల్లో పోస్టింగ్. కొత్తగా వచ్చిన జవాను ఒకడు కాలు నొప్పి, డాక్టరు కాడికి సిక్ రిపోర్టుకు పోతానన్నాడు. నేను నవ్వినా. నేనొక్కణ్ణే గాదు, అందర్నీ పిలిచి వాడి ముందర నవ్విచ్చినా. నాటకాలాడతా ఉండావా అని గ్రౌండు చుట్టూ పది రౌండ్లు తిప్పిచ్చినా. సాయంత్రం బూటిప్పితే సాక్సుతో పాటు తోలు వచ్చింది."

"అయ్యో. ఏమైపోయినాడు?"

"ఏం గాలా, బాగైపోయినాడు. ఆ తర్వాత వాడు నా మొగం చూసి మాట్లాడలా. ఇప్పుడు నేను డాక్టరు ముందర నిలబడి, సార్ నాకు బాగలేదు అనాలంటే, వాడు పక్కన్నే నిలబడి నవ్వినట్టుంటాది."

"వాడు యాడున్నాడో ఏమో, నిన్నెప్పుడో మర్చిపోయుంటాడన్నా."

"నేను మర్చిపోలా గదా" అన్నాడు.

నాకు జాలేసింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ జాలి మీద గూడా కోపమొస్తాది. జాలిపడి ఊరుకున్నాను గానీ, ఆ దినమే ఆయన్ని వెంటబెట్టుకోని పొయ్యి, ఆ పుస్తకం అబద్ధం అని డాక్టరుకు చెప్పుంటే?

పోయిన జనవరి ఇరవై ఆరుకు ముఖ్య అతిథిగా ఎవుర్ని పిలుద్దామని బజారోళ్ళు అడిగితే ఆయన పేరు చెప్పింది నేనే. తాగుబోతని నవ్విన బస్టాండు ముందరే ఆయన నిటారుగా నిలబడాలని నా పంతం. చెప్పినప్పుడు ఆయన మొగం చూడాల. నెల రోజుల ముందరే మెడల్స్ తుడిచిపెట్టుకున్నాడంట.

పండగ ఇంకా పది దినాలుందనంగా వచ్చి, పుండుకు పూసే ఆయింట్‌మెంటూ కట్టుగుడ్డా అడిగినాడు. "గొర్రె కాలికి" అన్నాడు.

"గొర్రెకు నా కాడ మందేంది? పశువుల డాక్టరు కాడికి పో."

దిక్కులు చూసినాడు. నాకర్థమైంది. వెనక గదిలోకి తీసకపొయ్యి బూటిప్పమన్నాను. ఇప్పనన్నాడు. ఇప్పకపోతే మందియ్యనన్నాను. కుడికాలు బొటనేలి కింద రూపాయి బిళ్ళంత పుండు, చుట్టూ తెల్లగా నానిపోయి. గొర్ల వెంబడి తిరగతా ఉంటే కంపముల్లు దిగిందంట. షుగరుకు కాళ్ళు ఎప్పుడో మొద్దుబారిపోయినాయి గదా, దిగిన సంగతే తెలీలా. రెండు దినాల తర్వాత సాక్సుకు నెత్తురంటితే చూసుకున్నాడంట.

"అన్నా, దండం పెడతా. ఈ బస్సుకే నెల్లూరు పో."

"పండగ అయినాక పోతా."

"పండగ దేనికన్నా? కాలు పోతాది!"

"పిలిపిచ్చింది నువ్వే గదా అమ్మణ్ణీ. ఇప్పుడు రాలేనంటే ఏమంటారు? ముసలోడికి కాలు బాగలేదంట అంటారు. పది దినాలే. ఇరవై ఆరు సెల్యూట్ కొట్టి, ఇరవై ఏడు పొద్దున నెల్లూరు బస్సు. ఒట్టు." నా తల మీద చెయ్యి పెట్టినాడు. "మీ వదినకు చెప్పొద్దు. ఏడస్తాది."

నేను కడిగి, కట్టు కట్టి, మాత్రలిచ్చి పంపిచ్చినాను. ఒప్పుకున్నాను! నాకు బుద్ధి యాడికి పోయిందో! ఆయన ఆర్డరేస్తే నేను జవాను మాదిరి తలూపినాను.

ఇరవై ఆరు పొద్దున మొదటి బస్సుకే దిగినాడు. నీలం కోటు, మెడల్స్, టోపీ, ఆ బూట్లు. మా బజారులో ఒక అలవాటుండాది, జెండా కాడికి ఎవురైనా చెప్పులిప్పే పోతారు, గుడికి పోయినట్టు. ఆ దినం గూడా అందరం అంగళ్ళ ముందర చెప్పులు ఇడిచి, చల్లటి సిమెంటు మీద వట్టి కాళ్ళతో నిలబడినాం. ఆయన చూసి నవ్వినాడు.

"తొడుక్కోండయ్యా! సోల్జర్ జెండాకు సెల్యూట్ బూట్లతోనే కొడతాడు."

ఎవురూ తొడుక్కోలా. ఆయనా ఇప్పలా. అంత మందిలో బూట్లతో నిలబడింది ఆయనొక్కడే, ఆ ఒక్క కాలే అందరూ చూడాల్సిన కాలు. మా అలవాటు ప్రకారం బూట్లిప్పుంటే చాలు, బజారంతా చూసుండును, ఎవుడో ఒకడు ఆటోలో ఎత్తి పడేసి ఆస్పత్రికి తోలుకపోయుండును. జెండా ఎగిరింది. "సావధాన్!" అని కేకేసి, కుడికాలు మోకాలెత్తు ఎత్తి నేలకేసి దబ్బున కొట్టినాడు. ఆయన మొగంలో ఒక్క నరం గూడా కదల్లా. నొప్పి తెలిస్తే గదా! అందరూ చప్పట్లు కొట్టినారు. గుడ్డలంగడి మామ ఫోటో కోసమని ఒక లడ్డు ఆయన నోట్లో కుక్కినాడు.

తర్వాత మా అంగట్లోకి వచ్చి కూర్చున్నాడు. అడక్కుండానే కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది నాకు వాసన. మందులు కొనేదానికి వచ్చినోళ్ళు ముక్కు ఎగపీలస్తా అటూ ఇటూ చూస్తా ఉండారు. నేనేం చేసినానో తెలుసునా? ఫినాయిల్ సీసా మూత తీసి గల్లా పక్కన పెట్టినాను. ఎవురికీ తెలీకుండా, ఆయన పరువు పోకుండా! నా చేత్తో నేనే ఆ వాసన కప్పెట్టినాను.

"రేపు పోతావు గదన్నా?" అన్నాను బస్సు కాడ.

"పోతా పోతా" అన్నాడు. "ఎట్టుండాది అమ్మణ్ణీ టర్నౌటు?"

"బాగుండాది" అన్నాను. అదే నేను ఆయనతో ఆడిన ఆఖరు మాట.

ఇరవై ఏడు పోలేదు. జెండా పండగ ఫోటోలు చూసి పల్లెలో ఇంటింటికీ పిలిచి శాలువాలు కప్పినారంట. జ్వరమొచ్చి నోట మాట రానప్పుడు గదా నెల్లూరు ఆస్పత్రికి తీసకపోయింది. మోకాలి కింద దాకా తీసేసినారు. అయినా విషం ఆగలా. వైశాఖంలో పోయినాడు.

కర్మంతరాలు అయినాక నేను ఉదయగిరి బస్సెక్కి పోయినాను. వదిన వసారాలో కూర్చోనుండాది. గోడ వారగా బూట్లు రెండూ, పాలిష్ చేసి. "ఆస్పత్రిలో ఒక తూరి తెలివొచ్చినప్పుడు అడిగినాడు, బూట్లు యాడుండాయి అని. రెండూ అడిగినాడు" అనింది. నేను తలొంచుకున్నాను. ఇంక నా వల్ల గాలా.

"వదినా, ఒక మాట. ఆ పుండు సంగతి నాకు ముందే తెలుసు. నీకు చెప్పొద్దన్నాడు. నేను చెప్పలా. నన్ను కొట్టినా సరే, తిట్టినా సరే."

ఆమె ఒక బూటు తీసి కొంగుతో తుడిచింది.

"నాకూ తెలుసు అమ్మణ్ణీ" అనింది. "ఆ సాక్సులు ఉతికేది నేనే గదా. ఎవురికన్నా చెబితే నా మీద ఒట్టు అన్నాడు. నేనూ చెప్పలా."

ఇద్దరం ఆ బూట్ల ముందర కూర్చోని ఏడ్చినాం. ఏడస్తా ఏడస్తా తిట్టుకున్నాం ఆయన్ని, నోటికొచ్చినట్టు. ఒక్క మనిషి ఒట్లేయించుకుంటా పోతే ఇద్దరు ఆడోళ్ళం, అంత వాసన పీలుస్తా గూడా, ఆ ఒట్లు కాపాడినాం. మనిషిని కాపాడలా.

ఇది తలుచుకుంటా ఉండంగానే సాయంత్రమైంది. మామ ఒక్కడే వచ్చినాడు, పొద్దున నేను అరిచినందుకు కొంచెం జంకుతా.

"ఫోటో పెట్టండి మామా. దండా వెయ్యండి. మౌనం మాత్రం వద్దు. మైకు నాకియ్యండి" అన్నాను. "ఆయన తాగుబోతు గాదని చెబుతా. ఏం జబ్బుతో పోయినాడో చెబుతా. నాకు తెలిసీ చెప్పలేదని గూడా చెబుతా."

"చెప్పమ్మా, ఎవురొద్దన్నారు" అని మామ మెట్టు దిగినాడు. దిగేటప్పుడు చెయ్యి గోడకు పెట్టి, ఎడమకాలు ఒక్కరవ్వ పక్కకు వాల్చి దిగినాడు. అప్పుడు చూసినాను ఆ షూ. ఏడాది పొడుగునా చెప్పులతో తిరిగే మనిషి.

"మామా, ఆగు. ఈ షూ ఎందుకు కొన్నావు?"

"ఊరకనే లేమ్మా. దుమ్ము పడకుండా."

"ఇప్పు."

"ఇప్పుడెందుకమ్మా నడిబజార్లో. చిన్న బొబ్బ, అంతే. జెండా పండగ అయినాక చూపిస్తాలే" అన్నాడు.

నేను గల్లా వదిలిపెట్టి కిందికి దిగినాను. మామ రెక్క పట్టి మెట్టు మీద కూర్చోబెట్టి, బస్టాండంతా చూస్తా ఉండంగానే ఆయన కాళ్ళ కాడ కూలబడి, లేసు పట్టుకోని లాగినాను.